డెబ్బై రెండు గంటల కాగితం

మా చెల్లెలికి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారన్న కబురు వచ్చేసరికి నేను జనగామలో నా టైలరింగ్ షాపులో మాస్కులు కుడుతున్నాను. కరోనా రెండో విడత తగ్గుతున్న రోజులవి. పెళ్ళిళ్ళు లేక జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు లేరు. మిగిలిపోయిన లైనింగు గుడ్డంతా మాస్కులైపోతోంది.

చెల్లెలు ఉండేది గోదావరి అవతల, మహారాష్ట్రలోని సిరోంచలో. వరంగల్‌లో నర్సు చదువు చదివి, భూపాలపల్లిలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసింది. అక్కడ జేసీబీ నడిపే అబ్బాయితో పరిచయమై, మాకెవ్వరికీ చెప్పకుండా పెళ్ళి చేసుకుని నది దాటి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి మా అవ్వ, అంటే మమ్మల్ని కన్నతల్లి, ఆమెతో మాట్లాడలేదు. నాయిన పోయాక అవ్వ మహబూబాబాద్‌లో మా తమ్ముడి దగ్గర ఉంటోంది. చెల్లెలు తమ్ముడికి ఫోన్ చేసిందని తెలిస్తే చాలు, లేచి వాకిట్లోకి పోయి బట్టలు ఆరేసేది. ఆరేసిన బట్టలే తీసి మళ్ళీ ఆరేసేది.

చెల్లెలి అత్తగారు మొదటి విడతలోనే కరోనాతో పోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఆడదిక్కు లేదు. ఇరుగుపొరుగు వాళ్ళు గుమ్మం దాకా వచ్చి పలకరించి పోతున్నారు తప్ప లోపలికి రావడం లేదు. దాని భర్తకు అన్నం వండడం, గుడ్లు ఉడకబెట్టడం వచ్చు. అంతకు మించి రాదు. చెల్లెలు ఇవన్నీ చెప్పి, "అక్కా, అవ్వను జర పంపుతవా?" అని ఫోన్ పెట్టేసింది.

నేను అవ్వకు ఫోన్ చేశాను. బతిమాలాల్సి వస్తుందనీ, నాయిన పేరు తీయాల్సి వస్తుందనీ అనుకుని మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. అవ్వ విషయమంతా విని, "పిల్ల ఎంత బరువున్నదట?" అంది. చెప్పాను. "ఎప్పుడు పోదాం?" అంది. "దాని కోసం కాదు, పిల్ల కోసం," అని కూడా అంది. నాకు అదే చాలు. కాని మా అవ్వ మనసు నాకు తెలుసు. రాత్రి సరే అన్నది పొద్దున వద్దంటుంది. ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకుండా తీసుకుపోవాలి. ఆ తరువాత ఒక్కొక్క కౌంటర్ దగ్గర ఒక్కొక్కరు ఆపుతుంటే నాకు అంత కోపం వచ్చింది అందుకే.

చెల్లెలి భర్త వంతెన దగ్గరి చెక్‌పోస్టులో అడిగి చెప్పాడు. రెండు టీకాలూ వేసుకుని ఉండాలి, లేదంటే ఆర్టీపీసీఆర్ నెగటివ్ రిపోర్టు ఉండాలి. అది డెబ్బై రెండు గంటల లోపుదై ఉండాలి. పావుగంటలో చేసే ర్యాపిడ్ పరీక్ష పనికిరాదు. అవ్వకు ఒక టీకానే అయింది. రెండోదాని వంతు వచ్చే సమయానికి టీకాల మధ్య గడువు పెంచారు. నా వయసు వాళ్ళకు అప్పుడప్పుడే మొదలైంది. రెండుసార్లు లైన్లో నిలబడ్డా నాకు టోకెన్ దొరకలేదు. కాబట్టి ఇద్దరికీ పరీక్షే దిక్కు.

సరిగ్గా తెలుసుకుందామని ఇంకో ముగ్గురిని అడిగాను. బస్టాండులో అడిగితే బస్సెక్కడానికి ఏ కాగితమూ అక్కరలేదన్నారు. మా వీధిలో ఉండే ఒక కానిస్టేబుల్ ఆన్‌లైన్లో పాస్ తీసుకోవాలన్నాడు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే టీచరమ్మ, బార్డర్ దాటిన తరువాత పద్నాలుగు రోజులు బడిలో క్వారంటైన్ పెడతారట అంది. ఎవరిని అడిగినా రూల్ ఉందనే చెప్పారు. ఏ ఇద్దరూ ఒకే రూల్ చెప్పలేదు.

జనగామలో పరీక్ష చేసే చోటికి పోతే, ప్లాస్టిక్ పరదా వెనక నుంచి ఒకాయన, "జ్వరమా, దగ్గా?" అని అడిగాడు.

"ఏం లేవు సార్. సిరోంచకు పోవాలె."

"ఏం లేనోళ్ళకు ఎందుకమ్మా పరీక్ష?"

"ఏం లేదని కాగితం కావాలె."

అతను నా వెనక నిలబడినవాళ్ళను ముందుకు రమ్మన్నాడు. ప్రయాణాలకు చేసే పరీక్షలు తమ దగ్గర లేవన్నాడు. ఉన్నది ర్యాపిడ్ ఒక్కటేనన్నాడు. దగ్గుతూ పోయి ఉంటే ర్యాపిడ్ చేసేవాడు, అదీ నాకు పనికొచ్చేది కాదు.

ఇక లాభం లేదని, పిల్లలను మా ఆయనకు అప్పగించి, తొర్రూరు మీదుగా బస్సులో మహబూబాబాద్ పోయాను. అక్కడ ఒక ప్రైవేటు ల్యాబు వాళ్ళు నమూనాలు తీసుకుని పెద్ద ల్యాబుకు పంపుతారని తమ్ముడు కనుక్కున్నాడు. అవ్వ అప్పటికే సంచీ సర్దుకుని కూర్చుంది. సంచిలో బాలింతకు పెట్టే కారం ఉంది, మెత్తటి పాత చీరల ముక్కలున్నాయి. తమ్ముడి భార్య అరచేతులు మంటపుట్టేలా నూరిన వెల్లుల్లి పొడి కూడా ఉంది. ఇవన్నీ పిల్ల కోసమేనా అని నేను అనలేదు. అంటే సంచీ విప్పేస్తుందేమోనని భయం.

ల్యాబులో ముక్కులోకి పుల్ల పెట్టినప్పుడు అవ్వ ఆ అబ్బాయి మణికట్టు పట్టుకుని వదల్లేదు. వాడు విడిపించుకుని, రేపు సాయంత్రానికి ఫోన్‌లోకి రిపోర్టు వస్తుందన్నాడు. డెబ్బై రెండు గంటలు ఎప్పటి నుంచి లెక్కపెడతారని అడిగాను. రిపోర్టు వచ్చినప్పటి నుంచి, అన్నాడు ధీమాగా. అదే మాట చెల్లెలి భర్తతో అంటే, కాదు వదినా, నమూనా ఇచ్చినప్పటి నుంచి అన్నాడు. అంటే రిపోర్టు ఎంత ఆలస్యమైతే మా గడువు అంత కరిగిపోతుందన్నమాట.

అది మర్నాడు రాలేదు. రాత్రి దాకా చూసినా రాలేదు. ఫోన్ చేస్తే సర్వర్ డౌన్ అన్నారు. తరువాత ఫోనే ఎత్తలేదు. మూడో రోజు పొద్దున నేను పళ్ళు తోముకుంటుండగా వచ్చింది. ఇద్దరికీ నెగటివ్. తమ్ముడు అవ్వ రిపోర్టు పెద్దది చేసి చూస్తూ ఆగిపోయాడు. పేరు అవ్వదే. వయసు దగ్గర ఇరవయ్యారు అని ఉంది, అరవై రెండు తిరగబడి. లింగం దగ్గర పురుషుడు అని ఉంది.

అవ్వకు చెప్పాం. ఆమె చేతులు కడుక్కుంటూ, "ఇరవయ్యారేండ్ల మొగోన్ని నేను ఎప్పుడైన?" అంది. నవ్వలేదు.

సరిచేయమని ల్యాబుకు పోతే, పై ల్యాబు వాళ్ళు సరిచేయాలనీ, దానికి ఇంకో రోజు పడుతుందనీ చెప్పారు. ఇంకో రోజంటే గడువు అయిపోతుంది. తమ్ముడు, పేరు సరిగా ఉంది కదా, బార్డర్ దగ్గర అంత సన్నగా ఎవరు చూస్తారన్నాడు. నాకూ అలా అనుకోవడమే బాగుంది. బయల్దేరాం.

వరంగల్‌లో బస్సు మారి భూపాలపల్లి చేరేసరికి సాయంత్రమైంది. కాళేశ్వరం వైపు పోయే బస్సు అప్పటికే పోయింది. బస్సులు సగమే తిప్పుతున్నారట ఆ రోజుల్లో. తెల్లవారి ఎనిమిదింటిలోపు వంతెన దగ్గర ఉంటే మా గడువుకు ఇంకా కొంచెం మిగులుతుంది. కాబట్టి ఆ పూటకు లాడ్జిలో దిగాలి.

మొదటి లాడ్జిలో మేనేజరు ప్లాస్టిక్ పరదా వెనక కూర్చున్నాడు. ఆధార్ కార్డులు ఇచ్చాను. రిపోర్టు ఫోన్‌లో చూపించాను. లాడ్జికి నలభై ఎనిమిది గంటల లోపుది కావాలన్నాడు. బార్డర్ వాళ్ళకే డెబ్బై రెండు గంటలది చెల్లుతుందని చెప్పాను. బార్డర్ సంగతి నాకెర్క లేదు, మా సార్ గట్లనే చెప్పిండు అన్నాడు. ఇంతలో అవ్వ ఏదో చెప్పబోయి గొంతు సవరించుకుంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు అలవాటు అది. గొంతు సవరించుకోకుండా మా అవ్వ ఎవరితోనూ మాట మొదలుపెట్టదు.

మేనేజరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "దగ్గుతున్నది గద అవ్వ."

"దగ్గు కాదన్నా, అలవాటు."

"అలవాటైతే రాత్రంత దగ్గుతది. వద్దక్కా, వేరే కాడ చూసుకోర్రి."

బయటికి వచ్చాక అవ్వను, ఇంకోచోట నువ్వు నోరు తెరవొద్దని కోప్పడ్డాను. ఆమె సంచీ భుజం మార్చుకుని, "నేనేమన్న మాట్లాడిన్నా?" అంది. నిజమే, మాట్లాడనే లేదు.

బస్టాండు వెనక ఉన్న రెండో లాడ్జి యజమాని రిపోర్టు ఫోన్‌లో కాదు, కాగితం మీద కావాలన్నాడు. జిరాక్స్ షాపు మూసేస్తుంటే పరుగెత్తి పోయి రెండూ తీయించుకొచ్చాను. అతను కళ్ళజోడు పైకెత్తి, కాగితం కింద లావుపాటి అక్షరాల్లో ఉన్న నెగటివ్ అనే మాట ఒక్కటే చూసి, చిలక్కొయ్యకున్న తాళంచెవి తీసి ఇచ్చాడు. వయసూ చూడలేదు, మగా ఆడా చూడలేదు. నాకు ప్రాణం లేచివచ్చింది. గదిలో ఫినాయిల్ వాసన ఘాటుగా ఉంది. కరోనా అని దుప్పట్లు, తలగడలు ఇవ్వడం లేదన్నారు. చెల్లెలి కోసం తెచ్చిన పాత చీరల ముక్కలు పరుచుకుని పడుకున్నాం.

తెల్లవారి కాళేశ్వరం చేరి, అక్కడి నుంచి ఆటోలో వంతెన దాటాం. అవతలి కొనలో టెంటు, టెంటు ముందు బల్ల, బల్ల దగ్గర కానిస్టేబులు. కొంచెం దూరంలో తాడు కట్టి ఉంది. తాడు అవతల చెల్లెలి భర్త బండి పక్కన నిలబడి ఉన్నాడు. ఫోటోల్లో చూడడమే తప్ప ఎదురుగా నేనూ చూడలేదు. చేయి ఎత్తాడు. అవ్వ అటు చూసి ముఖం నది వైపు తిప్పుకుంది.

కానిస్టేబులు తెలుగువాడే. ఆ వైపు ఊళ్ళల్లో అందరూ మన మాటే మాట్లాడతారు. నా కాగితం చూసి పక్కన పెట్టాడు. అవ్వ కాగితం చూసి, అవ్వను చూసి, మళ్ళీ కాగితం చూశాడు.

"అవ్వా, గీ పిలగాడు ఏడి?"

నేను జరిగిందంతా చెప్పాను. ఆధార్ కార్డు పెట్టాను. ల్యాబుకు ఫోన్ కలిపి అతని చేతికే ఇచ్చాను. అటువైపు ఎవరో, అవునండీ పొరపాటే, రేపు మార్చి పంపుతాం అన్నారు. అయితే రేపే రమ్మన్నాడు అతను. రేపటికి గడువు అయిపోతుందన్నాను. అయితే కొత్తది చేయించుకుని రమ్మన్నాడు. అంతా మర్యాదగానే చెప్పాడు. తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని.

అవ్వ గొంతు సవరించుకుని ముందుకొచ్చింది. "నేను మొగోన్ని కాదని నీ కండ్లకు కనబడుత లేదా బిడ్డా?"

"కనబడుతున్నదవ్వా. కని నేను చూడాల్సింది కాగితం గద."

తరువాత నా వైపు తిరిగి, "అక్కా, నీది సక్కగున్నది. నువ్వు పో. జర సేపైతే నీది గూడ చెల్లది," అన్నాడు.

నేను వెళ్ళి ఏం చేయను? నా ఇద్దరు పిల్లలకూ పురుళ్ళు అవ్వే పోసింది. పసిపిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయడం నాకు ఇప్పటికీ రాదు. అక్కడికి కావలసింది అవ్వ. అవ్వను ఈ నది ఒడ్డున ఒక్కదాన్నే వదిలి నేనెలా పోతాను? పోవడం లేదన్నాను. చెల్లెలి భర్త తాడు దాకా వచ్చి, వదినా ఏమైందని అరిచి అడిగాడు. నేనూ అరిచి చెప్పాను. ఇద్దరం మాస్కులు పెట్టుకుని, వంతెన మీది గాలిలో ఒకరి మాట ఒకరికి సగమే వినబడుతూ కాసేపు అరుచుకున్నాం. తరువాత అవ్వా నేనూ తిరిగి ఆటో ఎక్కాం.

కాళేశ్వరం దాటాక అవ్వ సంచీ ఒళ్ళోకి తీసుకుంది. ఇక అయిపోయింది, ఇప్పుడు మహబూబాబాద్ పోదాం అంటుంది అనుకున్నాను. ఉన్నట్టుండి అంది: "నా బిడ్డ కాడికి నేను పోతనంటే నడుమ వీళ్ళెవలు ఆపెటందుకు?"

నా బిడ్డ అన్న మాట చెల్లెలి గురించి ఆమె నోట విని ఎన్ని రోజులైందో. నేను ఆమె వైపు తిరగలేదు. తిరిగితే ఆ మాట వెనక్కి తీసుకుంటుందేమో అనిపించింది. అంతవరకూ చెల్లెలి మీద ఉన్న కోపం కాస్తా ల్యాబు మీదికీ, లాడ్జి మేనేజరు మీదికీ, వంతెన మీది కానిస్టేబులు మీదికీ మళ్ళిందని నాకు అర్థమైంది. సంతోషించాలో విసుక్కోవాలో తెలియలేదు. అప్పటికైతే విసుగే ఎక్కువగా ఉంది.

భూపాలపల్లిలో మళ్ళీ అదే లాడ్జికి పోయాం. పొద్దున మా దగ్గర తాళంచెవి తీసుకున్న అదే యజమాని, ఇప్పుడు గడప దాటనీయలేదు. బార్డర్ నుంచి వచ్చినవాళ్ళకు కొత్త పరీక్ష కావాలన్నాడు.

"మేము దాటనే లేదన్నా. వెనుకకు పంపిండ్రు."

"వెనుకకు పంపిండ్రంటే ఏదో ఉండే పంపిండ్రు గద."

పరీక్షలు చేసే శిబిరం ఒక బడి ఆవరణలో పెట్టారని తెలిసి, సంచులు మోసుకుంటూ అక్కడికి పోయాం. ఆర్టీపీసీఆర్ చేస్తారట. ఆ మాట వినగానే కాళ్ళలో సత్తువ వచ్చింది. గంటసేపు లైన్లో నిలబడ్డాక బల్ల దగ్గరి అతను, ఎక్కడుంటారని అడిగాడు. జనగామ అన్నాను. జనగామలోనే చేయించుకోవాలన్నాడు. ఇప్పుడు ఇక్కడే ఉన్నామన్నాను. ఇక్కడ ఎక్కడ అన్నాడు. లాడ్జిలో అన్నాను. ఏ లాడ్జి అన్నాడు.

"పరీక్ష కాగితం ఉంటేనే లాడ్జి ఇస్తరంట సార్."

అతను కలం బల్ల మీద పెట్టాడు. "అంటే లాడ్జిల లేరు."

"మీరు పరీక్ష చేస్తే ఉంటం."

"మీరు ఉంటే మేం చేస్తం."

అతను వేళాకోళం ఆడడం లేదు. ఈ జిల్లాలో చిరునామా లేకపోతే కంప్యూటర్లో ముందుకు పోదట. తిప్పి చూపించాడు కూడా. గడిలో ఏదీ రాయకపోతే ఎర్రగా అయి ఆగిపోతోంది. నేను పక్కకొచ్చి బడి అరుగు మీద కూలబడ్డాను. జాకెట్ చేతులు తప్పుగా కత్తిరిస్తే మళ్ళీ గుడ్డ తెచ్చి కుట్టుకోవచ్చు. ఇది ఎక్కడ తప్పిందో, ఎక్కడ పట్టుకుని విప్పాలో తెలియలేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే ముక్కు కారుతుంది, ముక్కు కారితే ఇంకేదో అంటారని ఆపుకున్నాను.

అప్పుడు లైన్లోంచి ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి. మా మాటలన్నీ విన్నట్టుంది. మీది మానుకోట దిక్కేనా అని అడిగింది. మహబూబాబాద్‌ను మా వైపు అలాగే అంటారు. వాళ్ళది నర్సింహులపేట దగ్గర లంబాడీ తండా. భార్యాభర్తలిద్దరూ ఘనపూర్ పోయే దారిలో గది అద్దెకు తీసుకుని ఇళ్ళు కట్టే చోట పని చేస్తున్నారు. కాంట్రాక్టరు అవతల రోడ్డు పని పట్టాడని, అక్కడికి పోవడానికి వాళ్ళకూ ఈ కాగితమే కావలసి వచ్చింది.

"మా అర్రల ఉండుర్రి అక్కా. మా ఇల్లే రాపియ్యి," అంది.

ఆమె భర్త వచ్చాడు. ఇద్దరూ వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. మాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అతని ముఖం చూస్తే ఒప్పుకోవడం లేదేమో అనిపించి, అవ్వ సంచీ చేతిలోకి తీసుకుంది కూడా. తరువాత తెలిసింది, గదిలో మంచం ఒక్కటే ఉంది, అవ్వకు అది సరిపోతుందా, నవ్వారు వదులైంది కదా అని అతను అడుగుతున్నాడట.

వాళ్ళ చిరునామా రాయించాను. గడి పచ్చగా అయింది. బల్ల దగ్గరి అతను, ఇందాకనే చెప్పొచ్చు గదమ్మా అన్నాడు. ఈసారి పేరు, వయసు, ఆడ అన్న మాట నేనే మూడుసార్లు చెప్పి, తెర మీద కళ్ళారా చూసుకున్నాను.

ఆ గదిలో మూడు రోజులు ఉన్నాం. అవ్వ మొదటి పూట కొంచెం బెట్టుగా ఉంది. రెండో పూటకు వాళ్ళ పొయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఊరికే కూర్చుని తినడం ఆమెకు చేతకాదు. ఆ పిల్ల పని నుంచి వచ్చేసరికి కూర వండి పెట్టేది. కారం చాలదని ఆ పిల్ల, ఇదే ఎక్కువని అవ్వ. ఆ పిల్లకు ఇద్దరు కొడుకులు, తండాలో తల్లి దగ్గర ఉన్నారు. రోజూ సాయంత్రం ఫోన్‌లో వాళ్ళతో మాట్లాడేది. చిన్నవాడు తెర ముందు నిలబడకుండా పారిపోయేవాడు. పట్టుకోమని తల్లి మీద కేకలేసేది.

రెండో రోజు సాయంత్రం నా ఫోన్‌కు చెల్లెలు ఫోన్ చేసింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పాలు తాగడం లేదక్కా, ఏం చేయాలో తోస్తలేదు అని చెల్లెలూ ఏడుస్తోంది. నర్సు చదువు చదివిన పిల్లే. ఎన్ని కాన్పులు చూసిందో. నేను ఏదో సముదాయిస్తుంటే, కూరగాయలు తరుగుతున్న అవ్వ కత్తి కింద పెట్టి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"నువ్వు ఏం తిన్నవ్?" అంది.

అవతల ఏడుపు ఆగింది. పిల్లది కాదు, చెల్లెలిది.

"అడుగుతున్న గద, పొద్దటి సంది ఏం తిన్నవ్?"

చెల్లెలు ఏం చెప్పిందో నాకు వినబడలేదు. అవ్వ చాలాసేపు మాట్లాడింది. పిల్లను భుజాన వేసుకుని వీపు తట్టమంది. తలకు గుడ్డ కట్టమంది. ఫ్యాను ఆపమంది. గుడ్లు రోజూ తింటే వేడి చేస్తుందనీ, ఆ పిలగానికి పెసరపప్పు వండడం నేర్పమనీ చెప్పింది. పెళ్ళి మాట గాని, పోయిన సంవత్సరాల మాట గాని ఎత్తలేదు. ఫోన్ నాకిచ్చి మళ్ళీ కత్తి తీసుకుంది. కాసేపటికి ఆ తండా పిల్ల, ఎవరవ్వా అని అడిగితే, "నా చిన్న బిడ్డ," అంది.

మరుసటి పొద్దున రిపోర్టులు వచ్చాయి. అవ్వది నెగటివ్. పేరు సరే, వయసు సరే, ఆడ. పై నుంచి కిందికి రెండుసార్లు చదివాను. తరువాత నాది తెరిచాను. నమూనా పాడైంది, మళ్ళీ ఇవ్వాలి అని ఉంది.

నేను ఫోన్ మంచం మీదికి విసిరేశాను. ఆ దంపతుల గతీ అంతే. వాళ్ళిద్దరికీ నెగటివ్ వచ్చింది గాని, కాంట్రాక్టరు అవతలి పని వద్దనుకున్నాడట. వాళ్ళ కాగితాలు ఎందుకూ కొరగాకుండా పోయాయి. నేను మళ్ళీ నమూనా ఇచ్చి కూర్చుంటే అవ్వ గడువు దాటిపోతుంది. అవ్వది మళ్ళీ చేయిస్తే ఇంకేం వస్తుందో. లేచి కూర్చుని, పడుకుని, మళ్ళీ లేచి ఇదే లెక్క వేస్తుంటే అవ్వ తల దువ్వుకుని ముడి వేసుకుంది.

"నేను ఒక్కదాన్నే పోత," అంది.

మా అవ్వ ఎన్నడూ ఒంటరిగా వరంగల్ దాటి పోయిన మనిషి కాదు. అవతల ఎదురొచ్చేది తాను ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్న అల్లుడు. నేను ఏదో అనబోయాను. "నన్ను ఆ మోరీ కాడ దించు, సాలు," అంది. అంత పెద్ద గోదావరి మీది వంతెనను, కాలువ మీది తూములా, మోరీ అంది.

ఆ తండా పిల్ల పనికి పోతూ అవ్వ సంచిలో ఒక పొట్లం పెట్టింది. ఇంట్లో చేసిన జొన్నరొట్టెలు. అవ్వ ఆమె తల నిమిరి, కారం తగ్గించుకోమని చెప్పింది.

వంతెన దగ్గర ఈసారి వేరే కానిస్టేబులు ఉన్నాడు. అతని చేతిలో జ్వరం చూసే పరికరం ఉంది. అవ్వ నుదుటి దగ్గర పెట్టి చూసి, పోవచ్చని చేయి ఊపాడు. కాగితం అడగలేదు. ఇన్ని రోజులు ఇన్ని తిప్పలు పడిన కాగితం, అడగనే లేదు.

కాని అవ్వ కదల్లేదు. దారిలో జిరాక్స్ షాపులో తీయించిన కాగితం జాకెట్లోంచి తీసి మడత విప్పి అతని ముందు పెట్టింది.

"చూడు బిడ్డా. ఆడ అని రాసిండ్రు."

అతనికేమీ అర్థం కాలేదు. చూశానవ్వా, పో అన్నాడు. ఆమె వేలితో ఆ గడి చూపించి, అతను చదివేదాకా అక్కడే నిలబడింది. అతను పైకి చదివాడు. వయసు కూడా చదివాడు. అప్పుడు కాగితం మడిచి లోపల పెట్టుకుంది.

అడగడం లేదు కదా అని నేనూ ఒక అడుగు ముందుకేశాను. "నీదేది?" అన్నాడు వెంటనే.

తాడు ఇవతల ఆగిపోయాను. చెల్లెలి భర్త బండి దగ్గర నుంచి నాలుగడుగులు ముందుకొచ్చి, ఎలా పలకరించాలో తెలియక చేతులు జోడించి నిలబడ్డాడు. అవ్వ అతని దగ్గరకు పోయి ఆగింది. అక్కడ ఏమన్నదో నాకు వినబడలేదు. గొంతు సవరించుకోవడం మాత్రం భుజాల కదలికలో తెలిసింది. సంచీ అతని చేతికిచ్చింది. అతను బండి ట్యాంకు మీద సంచీ పెట్టుకున్నాడు. అవ్వ కొంగు నడుముకు చుట్టి, అతని భుజం పట్టుకుని వెనక కూర్చుంది. బండి మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూడలేదు. నేను వంతెన మీద ఆటో కోసం నిలబడి, ఆ రోజుల్లో మొదటిసారి గట్టిగా ఏడ్చాను. ముక్కు కారితే కారనిచ్చాను.

ఏమన్నావని తరువాత ఫోన్‌లో అడిగాను. "ఏమనాలె? బండి మెల్లగ నడుపుమన్న," అంది.

జనగామ చేరాక మా ఇంటి ఓనరు, బార్డర్ దాకా పోయి వచ్చావు కాబట్టి వారం రోజులు మెట్లు వాడొద్దన్నాడు. మేముండేది మేడ మీద. మెట్లు వాడకుండా ఇంట్లోకి ఎలా పోవాలో చెప్పమంటే, అది నువ్వే చూసుకోవాలన్నాడు. వాదించే ఓపిక లేక, షాపులోనే చాప వేసుకుని ఆ వారం గడిపాను. మా ఆయన క్యారేజీ తెచ్చి గడప మీద పెట్టి పోయేవాడు. పిల్లలు రోడ్డుకు అవతల నిలబడి చేతులు ఊపేవాళ్ళు. నా రెండో నమూనా ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

అవ్వ సిరోంచ పోయి వారం కాకముందే చెల్లెలు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. అవ్వ ఫ్యాను వేయనివ్వడం లేదట. కిటికీ తెరవనివ్వడం లేదట. నర్సు చదివిన దాన్ని, నేను చెప్పేది వినవే అంటే, నువ్వు చదివితే నేను కన్న, అన్నదట. అల్లుడు కూడా అవ్వ వైపే మాట్లాడుతున్నాడట. "ఎన్ని రోజులుంటదక్కా?" అని అడిగింది.

నేను నవ్వాపుకోలేకపోయాను. మిషన్ ఆపి, పోనీ ఇవాళే వచ్చి తీసుకుపోనా అన్నాను. "వద్దు వద్దు," అంది చెల్లెలు గాభరాగా. "పిల్లకు నీళ్ళు పోస్తున్నది. మళ్ళ చేస్త," అని ఫోన్ పెట్టేసింది.